పడమటి హద్దు

తొలి వాన పడిన మర్నాడు నా ఆఫీసు గుమ్మం ముందు చెప్పులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వచ్చిన ప్రతివాడి చెప్పుకూ రెండు వేళ్ల మందాన నల్లరేగడి అంటుకుని ఉంటుంది. ఆ పచ్చిమట్టి వాసన గదిలోకి వచ్చి సాయంత్రం దాకా పోదు. ఆదోనిలో అందరికీ ఆ వాసనంటే ప్రాణం. పత్తి విత్తనాల కొట్ల ముందు అప్పటికే జనం మూగి ఉంటారు. నాకు మాత్రం తలుపు మూసుకోవాలనిపిస్తుంది. ఈ ఏడూ అంతే అయింది. గుమ్మం మీద కూర్చుని పుల్లతో చెప్పు గీక్కుంటున్న ఒక రైతు నా ముఖం చూసి, "ఏమ్మా, తలనొప్పా?" అని అడిగాడు. "కాదులే అన్నా, మా విరుపాక్షప్ప సార్ గుర్తొచ్చినాడు" అన్నాను. "యా సారు?" అన్నాడు. ఆదోనిలో సగం ఇళ్లకు విలువ కట్టిన మనిషిని పట్టుకుని యా సారు అంటాడా అని కోపం వచ్చింది. కానీ పాపం ఆ రైతు తప్పేముంది? చనిపోయి రెండేళ్లే అయినా, అంతకు చాలా ముందే ఊరు ఆయన్ను మరిచిపోయింది. తెలియనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మా పని గురించి ముందు చెప్పాలి. ఇంటి మీదో స్థలం మీదో బ్యాంకు అప్పు ఇచ్చే ముందు, దాని విలువ ఎంతో, హద్దులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి నివేదిక ఇవ్వడానికి ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన మనిషి ఒకరు ఉంటారు. వాల్యూయర్ అంటారు. ఆ సంతకం లేకుండా అప్పు పుట్టదు. విరుపాక్షప్ప సార్ ఆ పని చేసేవాడు. నేను హాలహర్వి నుంచి వచ్చినదాన్ని. మా అమ్మ పత్తి తీసే కూలి. చర్చి పెద్దల చేతా వాళ్ల చేతా వీళ్ల చేతా ఫీజులు కట్టించుకుని సివిల్ డిప్లొమా చదివి, రెండేళ్లు ఖాళీగా కూర్చుని, చివరికి ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీసు మెట్లెక్కాను. సర్టిఫికెట్లు ముందు పెడితే ఆయన వాటివైపు చూడనే లేదు. "నడిచేది వస్తుందా?" అని అడిగాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "లేకుంటే ఈ మెట్లు ఎగురుకుంటా వచ్చినానా సార్?" అన్నాను. అయిపోయింది, ఈ ఉద్యోగమూ పోయింది అనుకున్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. "నోరు బాగుంది. కాళ్లు ఎట్లుండాయో చూస్తాం. రేప్పొద్దున రా ఎస్తేరమ్మా" అన్నాడు.

కాళ్ల సంగతి ఎందుకు అడిగాడో మొదటి వారంలోనే తెలిసింది. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమర రస్తా అంటూ దస్తావేజులో రాసే నాలుగు హద్దుల్ని మా వైపు చెక్కుబంది అంటారు. అందరూ దాన్ని కాగితంలోంచి కాగితంలోకి ఎక్కించి ఊరుకుంటారు. సార్ అలా కాదు. నాలుగు దిక్కులా నడిచేవాడు. ప్రతి దిక్కునా నిలబడి, అవతలి మనిషిని పేరు పెట్టి పిలిచి, "ఈ హద్దు నీదేనా అప్పా?" అని అడిగేవాడు. అవతలి మనిషి చేలో ఉంటే వచ్చేదాకా కూర్చునేవాడు. ఒకసారి జిన్నింగు మిల్లు వెనక వీధిలో ఒక ధాన్యం వ్యాపారి ఇల్లు చూడ్డానికి వెళ్లాం. దక్షిణం వైపు ఇంట్లో ముసలామె నిద్రపోతోంది. ఆమె లేచేదాకా ఆగుదామన్నాడు సార్. వ్యాపారికి తల కొట్టేసినట్టయింది. "ఆ ఇంటోళ్లతో మాకు పదేండ్ల నుంచి మాటల్లేవు సార్. కాగితాల్లో ఉంది గదా, రాసేయండి" అన్నాడు. "మాటల్లేంది మీకు. నాకు ఉండాయి" అని సార్ ఆమె అరుగు మీదే చతికిలబడ్డాడు. ఎండలో నేను మాడిపోయాను. లోపల తిట్టుకున్నాను కూడా. తీరా ఆమె లేచాక తేలిందేమిటంటే, ఆ గోడ ఇద్దరిదీనట. కాగితంలో మాత్రం వ్యాపారిది ఒక్కడిదే. సార్ నివేదికలో ఉన్నది ఉన్నట్టు రాశాడు.

స్థలాలు అమ్మిపెట్టే ఏజెంట్లకు ఆయనంటే హడల్. కొత్తగా చట్టం వచ్చి, ఏజెంటన్నవాడు ప్రభుత్వం దగ్గర రిజిస్టరై నంబరు తీసుకోవాలన్న రోజులవి. ఎవడొచ్చినా సార్ మొదట, "నంబరు చెప్పప్పా, టీ ఆమీద తాగుదాం" అనేవాడు. చాలామందికి నంబరు ఉండేది కాదు. ఒకాయన నవ్వుతూ, "ఏం సార్, రేపు పెండ్లి సంబంధాలు చూపించేటోన్ని కూడా నంబరు అడుగుతారా?" అన్నాడు. "అడిగితే మంచిదే. నువ్వు మాత్రం మాట మార్చకుండా నంబరు చెప్పు" అన్నాడు సార్. ఆ ఏజెంటు టీ తాగకుండానే మెట్లు దిగిపోయాడు. సార్ వెనక నేను కిసుక్కున నవ్వాను. ఆ ఆఫీసులో నేను నవ్వినంతగా మళ్లీ ఎక్కడా నవ్వలేదు.

ఇక ఆ రోజు సంగతి. సార్ భార్యకు కిడ్నీలు చెడిపోయి, వారానికి రెండుసార్లు కర్నూలు ఆసుపత్రికి తీసుకువెళ్లేవాడు. పిల్లల్లేరు. అన్నీ ఆయనే. ఎమ్మిగనూరు బయట కొత్తగా వేసిన లేఅవుట్‌లో ఒక స్థలం చూడాల్సి వచ్చింది. బ్యాంకువాళ్లు తొందరపెడుతున్నారు. చట్టం ప్రకారం వాల్యూయర్ స్వయంగా చూడాలి. కానీ ముందురోజు నుంచీ ఆమెకు బాగా లేదు. "ఈ ఒక్కసారికి నువ్వు పోయి రా పాపా. నాలుగు పక్కలా నడువు. ఫోను చెయ్యి" అని చెప్పి సార్ కర్నూలు బస్సెక్కాడు.

స్థలం కొంటున్నది నేతపనివాళ్లు, చౌడప్ప, రత్నమ్మ. నేను వెళ్లేసరికి ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. రత్నమ్మ పండగకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. మూడు తరాలుగా అద్దె ఇళ్లేనట. గుంత మగ్గం వేయాలంటే ఇంట్లో నేల తవ్వాలి. అద్దె ఇంటివాళ్లు తవ్వనివ్వరు. బతిమాలి తవ్వినా, ఇల్లు మారేటప్పుడు పూడ్చి, అలికి, చూపించి పోవాలి. "సొంతిల్లంటే గోడలు గాదమ్మా మాకు. మా గుంత మేం తవ్వుకునేది. ఒకసారి తవ్వితే మళ్లా పూడ్సే పని ఉండగూడదు" అంది రత్నమ్మ. నేను తలూపాను. ముందురోజు వాన పడింది. నల్లరేగడి ఎలా ఉంటుందో ఆ నేల తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పది అడుగులు వేసేసరికి కాళ్లు రెండూ మోయలేనంత బరువయ్యాయి. ఒక చెప్పు తెగింది. జారి పడబోతే రత్నమ్మ చెయ్యి పట్టుకుని గట్టెక్కించింది. తూర్పు, ఉత్తరం, దక్షిణం చూశాను. పడమర దూరంగా తుమ్మచెట్ల వరస కనిపిస్తోంది. ఏజెంటు తారు రోడ్డు మీది నుంచి దిగకుండా, బండి మీద కూర్చునే అరిచాడు. "ఆ తుమ్మచెట్ల కాడ రస్తా ఉందమ్మా. నేను దినామ్మూ తిరగతాండా గదా!" దస్తావేజులోనూ రస్తా అనే ఉంది. ఆదోని బస్సుకు టైమవుతోంది. నేను వెనక్కి తిరిగాను.

సార్ ఫోను చేశాడు. వెనక ఆసుపత్రి గోల వినిపిస్తోంది. "నాలుగు పక్కలా తిరిగినావా పాపా?" "తిరిగినాను సార్." "పడమర ఎవర్ని అడిగినావు?" "రస్తా సార్. అడిగేదానికి ఆడ ఎవరుంటారు?" నా నోటికి ఆ రోజు అంత తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఆయన మర్నాడు వచ్చి, నా మాట మీద సంతకం పెట్టాడు. సరే, ఏజెంటు నంబరు ఏదని అడిగితే అదీ వాడు చెప్పిందే సరిచూడకుండా రాసిచ్చాను.

తుమ్మచెట్ల దగ్గర ఉన్నది రస్తా కాదు, వంక, వాన నీళ్లు పారే వాగు. మరుసటి ఏడు వానలకు నిండుగా పారి, చౌడప్ప వేసుకున్న పునాదిని కోసుకుపోయింది. సర్వే వాళ్లు వచ్చి కొలిచి, ఆ స్థలంలో ముప్పాతిక వంక పోరంబోకు అనీ, అక్కడ ఇల్లు కట్టకూడదనీ తేల్చారు. ఏజెంటు నంబరు అతనిది కాదు, వాళ్ల బామ్మర్దిది. ఫిర్యాదు పైకి వెళ్లింది. ఏజెంటుకు జరిమానా వేసి, తీసుకున్నది తిరిగి ఇమ్మన్నారు. వాడు కొంత ఇచ్చి ఊరొదిలిపోయాడు. విలువ కట్టిన సార్ పేరున మరో నోటీసు వచ్చింది. స్థలాన్ని చూసిందెవరు, ఎలా చూశారు, విచారణకు వచ్చి చెప్పాలని దానిలో ఉంది.

ఆ నోటీసు పట్టుకుని నేనే ఆయన ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయన భార్య పోయి నెల. పొద్దున్నే ఒక్కడే వంటింట్లో నిలబడి ఉగ్గాణి కలుపుతున్నాడు. నానిన బొరుగుల్లో కారం వేస్తున్న ఆయన వీపు చూస్తూ చెప్పేశాను. "పడమటికి నేను పోలే సార్. అబద్ధం చెప్పినాను." ఆయన చెయ్యి ఆగింది. మళ్లీ కలిపాడు. పళ్లెంలో పెట్టి నా ముందు పెట్టాడు. "తిను. చల్లారిపోతాది" అన్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను. "ఏడుపు తర్వాత. ముందు విను. నేను పోకుండా సంతకం పెట్టినాను. అది నా తప్పు. దానికి నా రిజిస్ట్రేషన్ ఎట్లాగూ పోతాది. నువ్వు పోయినావని తెలిస్తే నీకు జన్మలో రాదు. నేనే పోయినాను, నేనే సరిగ్గా చూడలేదని చెప్తాను." "అట్లెట్లా సార్, నేను చేసింది..." "నువ్వు చేసింది ఆఫీసులో చెప్పుకునేది కాదు." "మరి యాడ చెప్పుకోవాల?" "నీకు తెల్దా?" అన్నాడు. తెలుసు. ఎమ్మిగనూరులో ఆ నేతగాళ్ల ఇంటికి వెళ్లి, మీ గూడు కూల్చింది నేనే అని చెప్పుకోవాలి. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

విచారణలో ఆయన అన్న ప్రకారమే చెప్పాడు. ఆయన నోటి నుంచి నేనెరిగిన అబద్ధం అదొక్కటే, అది నా కోసం. ఫిర్యాదు చేసిన దంపతులు కూడా సారే వచ్చాడని చెప్పారని విన్నాను. వాళ్లకు ఎవరు వచ్చారో అంత గుర్తులేదేమో అనుకున్నాను. చూడండి, మనిషి తనకు కావలసింది ఎంత సులువుగా నమ్ముతుందో. రిజిస్ట్రేషన్ రద్దయింది. ఆఫీసు బోర్డు నేనే స్టూలు ఎక్కి దించాను. కింద నిలబడి స్టూలు పట్టుకున్న సార్, "మేకులు పారేయొద్దు పాపా. నీ బోర్డుకు పనికొస్తాయి" అన్నాడు. ఆ మాటకు నాకు దుఃఖం కాదు, కోపం వచ్చింది. తిట్టకుండా, కొట్టకుండా, ఇలా మంచితనంతో చంపుతాడేం ఈ మనిషి అనిపించింది.

ఆ తర్వాత ఆదోని ఆయనకు చేసింది కూడా చెప్పాలి. ఆయన్ను చూస్తే కుర్చీ వేసే టీ బంకువాడు ఇప్పుడు గ్లాసు చేతికిచ్చి అటు తిరిగేవాడు. విలువ కట్టమని మెట్లమీద కాచుకున్న వ్యాపారులు మార్కెట్ యార్డు గేటు దగ్గర ఎదురైతే ఫోను తీసి చెవికి పెట్టుకునేవాళ్లు. డబ్బు తిని రాశాడని కూడా అన్నారు. ఆయన మాత్రం పొద్దున పూట నాకు పరీక్షకు పాఠాలు చెప్పేవాడు. నేను పాసయ్యాను. నాకు నంబరు వచ్చింది. అవే మేకులకు నా బోర్డు ఎక్కింది. ఆయన రోజూ పదిగంటలకు, ఎప్పుడైనా ఒకరోజు మధ్యాహ్నం దాటాక వచ్చి, బయట బల్ల మీద, పనికోసం వచ్చినవాళ్ల మధ్యే కూర్చుని పేపరు చదివేవాడు. "లోపలికి రాండి సార్" అంటే, "వద్దు, నీ పని చూసుకో" అనేవాడు. ఒక్కోసారి ఆ గోడకు అవతల ఆయన, ఇవతల నేను పొద్దంతా ఒక్క మాట లేకుండా గడిపేవాళ్లం. నాకు ఎమ్మిగనూరులో పనులు పడేవి. ఆ వీధి రాకుండా రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్లేదాన్ని. వచ్చే నెల చెబుదాం, ఉగాది దాటాక చెబుదాం, ఇలాగే ఏడేళ్లు. మా అమ్మా పోయింది. పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేరు. ఎత్తినా ఆ మనిషికి మొదట ఈ సంగతి చెప్పాలి కదా అని నేనే తప్పించుకునేదాన్ని.

రెండేళ్ల కింద ఎండల్లో సార్ పోయాడు. వాళ్ల ఆచారం ప్రకారం కూర్చోబెట్టి పూడ్చారు. పట్టుమని పదిహేను మంది లేరు. పూలదండ తెచ్చింది నేనొక్కదాన్నే. మట్టి వేసి వస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. ఇక ఆ సంగతి తెలిసిన మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నే. చెప్పకపోయినా అడిగేవాడు లేడు. తేలిక పడాలి కదా? పడలేదు. ఈ ఏడు వాన పడిన వారంలోనే నా రిజిస్ట్రేషన్ గడువు పెంచుకునే ఫారం నింపాల్సి వచ్చింది. 'మీరు పరిశీలించిన ఆస్తి విషయంలో ఎప్పుడైనా పొరపాటు తేలిందా?' అన్న ప్రశ్న దగ్గర ఇదివరకు 'లేదు' అని రాసిన చెయ్యి ఈసారి రాయలేదు. ఫారం బల్లమీదే వదిలేసి బస్టాండుకు వెళ్లాను.

అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. ఇప్పటికీ అద్దె ఇల్లే. చౌడప్ప మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. రత్నమ్మ జుట్టు సగం నెరిసింది. ఆమె తలెత్తి నన్ను చూసి, ఎవరని అడగలేదు. "వస్తివా. కూసో" అంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. స్థలం చూడ్డానికి వచ్చింది సార్ కాదు నేనని, పడమటికి నడవలేదని, మీ ఇల్లు పోయింది నా వల్లనని. చెబుతూ ఉంటే మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"మాకు తెల్దా తల్లీ?" అంది రత్నమ్మ. "ఆ పొద్దు నీ సెయ్యి పట్టుకోని గట్టెక్కిచ్చింది నేనే గదా. నువ్వు పడమటికి పోకుండా మళ్లుకుంటే సూసింటిమి గదా."

ఏడేళ్లు దాచాననుకున్నాను. దాచడానికేముంది, వాళ్ల కళ్ల ముందే చేశాను. "మరి విచారణలో సారే వచ్చినాడని ఎందుకు చెప్పినారు?" అన్నాను.

"ఆయప్పే వచ్చి అడిగినాడు, ఇదో ఈ గుంత గట్టున కూసోని. నేను ఒప్పల్యా" అన్నాడు చౌడప్ప. "నా ఇల్లు కూలిపాయె, నీ పిల్లను కాపాడాల్నా అని అరిసినాను. ఆయప్ప తల వంచుకోని ఉండె. మూడు తూర్లు వచ్చినాడు. మూడోసారి నేనే సరేనంటి."

"ఆఫీసోళ్లు బెదిరిస్తే సెప్పేది సెప్పినట్టు గాదమ్మా, ఆ పాప దానంతట అదే రావాల, ఆమీద మీరు కొడతారో తిడతారో మీ ఇష్టం అన్యాడు" అంది రత్నమ్మ. "మళ్లా ప్రతి రెండు మూణ్ణెల్లకూ వచ్చేటోడు. 'ఆ పాప వచ్చిందా?' అని అడిగేటోడు. రాలేదు సారూ అంటే, 'వస్తాది లే' అని, ఇన్ని నీళ్లు తాగి పోయేటోడు. కడాకు వచ్చినప్పుడు గడప ఎక్కే శక్తి గూడా ల్యా. బయట నిలబడే అడిగినాడు. రాలేదు సారూ అంటి నేను."

నేను అక్కడే, ఆ గట్టు మీద కూలబడి, సిగ్గు విడిచి ఏడ్చాను. వాళ్లు కొట్టలేదు, తిట్టలేదు, పోనీలే అని కూడా అనలేదు. అనాల్సిన అవసరం వాళ్లకేముంది? చౌడప్ప కాసేపు చూసి మళ్లీ నేత మొదలుపెట్టాడు. నేను లేచి నా నంబరు రాసిచ్చి, సొంత స్థలం ఎప్పుడు చూసుకున్నా నన్ను పిలవమన్నాను. "పిలుస్తాం. పిలిస్తే నువ్వే నడవాల" అంది రత్నమ్మ. నవ్వలేదు.

తిరిగొచ్చి ఫారంలో ఆ ప్రశ్న ఎదురుగా 'అవును' అని రాసి, జరిగిందంతా వేరే కాగితం మీద రాసి జతచేసి పంపాను. వాళ్లేం చేస్తారో తెలియదు. నంబరు ఉంచుతారో, తీసేస్తారో. దాని గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఒక్కటే నన్ను తినేస్తోంది. రాలేదన్న మాట విని, మధ్యాహ్నం బస్సులో ఆదోనికి వచ్చి, అదే రోజు నా గది బయట బల్లమీద కూర్చునేవాడు కదా ఆ మనిషి. లోపల నేను, మధ్యలో ఒక గోడ. ఒక్కమాట, ఒక్కసారి, ఎందుకు పోలేదే అని అడిగి ఉంటే చెంగు బిగించి అప్పుడే వెళ్లేదాన్ని. అడగలేదు. నేను వస్తానని నాకంటే ఎక్కువ నమ్మాడు. పోయి వచ్చాను సార్ అని చెప్పాలని ఉంది. ఆ మాటకు అర్థం తెలిసిన మనిషి ఆదోనిలో ఒక్కరూ లేరు.